ఇంట్లోవాళ్ళ కొలతలు

మార్చి 2, సోమవారం

సమస్త జనులకూ ఇందుమూలంగా తెలియజేయడమేమనగా, ఈ రోజు ఉదయం పది గంటల పదిహేను నిమిషాలకు, ఈ దుకాణంలో ముప్పై ఏళ్ళుగా సెలవన్నది ఎరగక సేవలందించిన స్టూలు, ఒక కాలు కోల్పోయి, దానిమీద కూర్చున్న టైలరుతో సహా నేలకొరిగినది. స్టూలు తుదిశ్వాస విడిచినది. టైలరు విడవలేదు. సంతాప సూచకంగా దుకాణం అరగంట మూసివేయబడినది. ఆ అరగంటలో టీ తాగబడినది.

ఇదంతా సుద్దతో పలకమీద రాసి గుమ్మం ముందు నిలబెట్టాను. వచ్చేపోయే నలుగురూ చదివి నవ్వారు. ఐదో మనిషి మా పిల్ల. తమ్ముడి కూతురు. నాటకాల వాళ్ళకి పరదాలూ సెట్టింగులూ వేస్తుంది. చేతులకి ఎప్పుడూ ఏదో ఒక రంగు ఉంటుంది. అది నవ్వలేదు.

"పెదనాన్నా, ప్లాంటు గేటు దగ్గర రాయి పెట్టారు. చూశావా?"

"ఏం రాయే?"

"ప్రమాదం జరిగి ఇరవయ్యేళ్ళయిందిగా. స్మారకమట. పన్నెండు పేర్లు. వాటిలో నాన్న లేడు."

అప్పుడు నేను ప్లాంటు వాళ్ళని తిట్టిన తిట్లు వీధి చివర మందుల షాపు దాకా వినబడ్డాయట. సాయంత్రం పిల్ల ఈ డైరీ తెచ్చి బల్లమీద పడేసింది. ఆరో తరగతితో బడికి దణ్ణం పెట్టినవాడికి డైరీ ఎందుకే అన్నాను. "నోటితో తిడితే కేసు పెడతారు. ఇందులో తిట్టుకో" అంది.

సరే. దరిద్రులు. ఇదిగో, మొదలుపెట్టాను.

మార్చి 3

వెళ్ళి చూశాను. నల్లరాయి, మనిషెత్తు. ఎంత నున్నగా ఉందంటే అందులో నా మొహమే కనబడింది. బంగారు రంగు అక్షరాలు. ప్రమాదం జరిగిన రోజు ప్రాణాలకు తెగించి లోపలికి వెళ్ళిన పన్నెండు మంది ఉద్యోగులకు వందనమట. వేలితో తడుముతూ లెక్కపెట్టాను. పన్నెండే.

తమ్ముడు బతికున్నన్నాళ్ళూ ఒకటే చెప్పేవాడు. "నలభై ఒక్కరం దిగాం అన్నయ్యా." పైపు పగిలి కింది గదుల్లో నీళ్ళు నిలిచాయి. అవి రేడియేషను నీళ్ళని పర్మనెంటు వాళ్ళకి తెలుసు. వాళ్ళు పైన నిలబడి మీటర్లు చూశారు. కాంట్రాక్టు వాళ్ళు కిందికి దిగి బకెట్లతో తోడారు, గుడ్డలతో ఒత్తారు. పన్నెండు మందికీ స్టోర్లో రబ్బరు సూట్లున్నాయి. మిగతావాళ్ళకి నేనున్నాను.

గేటు దగ్గర ప్లాంటు తరఫున మాట్లాడే ఆయన ఎదురయ్యాడు. ఆయన చొక్కా మీద ఈ జన్మలో ముడత చూడలేదు. నేను పెట్టిన పేరు ఇస్త్రీబాబు.

"ఏం మాస్టారూ, రాయి బాగుందా?"

"బాగుందండీ. కాస్త ఇరుగ్గా ఉంది. ఇంకో నలభై ఒక్క మందికి చోటు లేదు."

"నలభై ఒక్కరా? మా రికార్డులో దిగింది ఆ పన్నెండు మందే."

"వాళ్ళు పైనే నిలబడ్డారు. కిందికి దిగింది మావాళ్ళు. నలభై ఒక్కరు."

"అంటారు, అంటారు. ఇరవయ్యేళ్ళుగా అంటూనే ఉన్నారు. కాగితం ఉందా?" అని భుజం తట్టాడు. "ఇరవై ఆరున రెండో యూనిట్ కట్టడం మీద ప్రజా విచారణ. అందరూ రండి, మాట్లాడండి. కాగితంతో రండి."

ఆ తట్టిన భుజం ఇంటికొచ్చి కడుక్కున్నాను.

మార్చి 5

కాగితం ఉంది!

అటక మీద రేకుపెట్టెలో, పాడైపోయిన కత్తెర్ల కింద. ఆ ఏటి కొలతల పుస్తకం. మొదటి పేజీకి స్టోరుకీపరు చీటీ గుచ్చి ఉంది. తెల్ల కాటన్ సూట్లు, మనిషికొకటి, అర్జంటు. తేదీ ఉంది, సంతకం ఉంది. ఎంతమందికో రాయలేదు, దొంగ. కానీ మనిషికొక పేజీ నేను రాశాను. ఛాతీ, నడుము, భుజం, చెయ్యి, కాలు.

పిల్ల పుస్తకం లాక్కుని చదవడం మొదలుపెట్టింది. మొదట పకపకా నవ్వింది.

"ఒంటె. గుమ్మడికాయ. మాటలపెట్టె. తొందర. నిద్రగన్నేరు. ఇవేంటి పెదనాన్నా?"

"మనుషులే."

"పేర్లు?"

"అవే పేర్లు. వరసలో నిలబడ్డారు, ఒక్కో మొహం చూసి ఒక్కోటి తగిలించాను. వాళ్ళూ నవ్వారు."

పిల్ల నవ్వు ఆగిపోయింది. "అసలు పేర్లు ఎక్కడా రాయలేదా?"

రాయలేదు. ఎందుకు రాస్తాను? రెండ్రోజుల్లో అందరికీ కుట్టాలి. వాళ్ళొస్తారు, పట్టుకుపోతారు. పేరుతో పనేముంది? మనిషి ఎదురుగా ఉన్నాడుగా.

తరవాత దానికి ఆలోచన వచ్చింది. విచారణ జరిగే టౌన్ హాల్లో సూట్లు వేలాడదీస్తుందట. ఎవరి కొలతకి వాళ్ళది. తలలుండవు, చేతులుండవు. పైనుంచి తాళ్ళతో, మనిషి నిలబడినంత ఎత్తులో. జనం వాటి మధ్యలోంచి నడిచి కుర్చీల దాకా వెళ్ళాలి. "ఒక్కో సూటూ పక్కకి తప్పించుకుంటూ పోవాలి, పెదనాన్నా. ఇస్త్రీబాబు కూడా."

పిల్ల ఇలాంటివి ఎక్కడ నేర్చుకుందో. కుడతానన్నాను.

తమ్ముడికి ఆ రోజు చెప్పాను. వద్దురా, వెళ్ళొద్దు అని గట్టిగా చెప్పాను. విన్నాడా?

మార్చి 6

నలభై ఒక్కరు. మళ్ళీ లెక్కపెట్టాను. సరిపోయింది.

మార్చి 9

వీధివీధీ తిరిగి పాత దుప్పట్లు అడిగి తెచ్చారు మరదలూ పిల్లా. తెల్లవి, తెల్లగా ఉండాల్సినవి. మరదలు, అంటే తమ్ముడి భార్య, బాధితుల కమిటీ నడుపుతుంది. ఇరవయ్యేళ్ళలో ఆవిడ ఎక్కని ఆఫీసు మెట్లు లేవు. నన్ను ఇప్పటికీ మీరు అంటుంది, నేను కూర్చోమనేదాకా నా ముందు కూర్చోదు. పోట్లాటంతా బయటివాళ్ళతోనే.

మొదటి సూటు కత్తిరించాను. ఇరవయ్యేళ్ళ కింద ఎలా కుట్టానో చేతికి గుర్తుంది. మెడ దగ్గర పట్టీ, మణికట్టుకి ఎలాస్టిక్కు. చంకల దగ్గరికి వచ్చాక చెయ్యి దానంతటదే సుద్దతో నాలుగు చుక్కలు పెట్టింది.

అప్పుడు గుర్తొచ్చింది.

కింద ఉక్కగా ఉంటుందని వాళ్ళలో ఎవరో అన్నారు. నేను తెలివైనవాణ్ణి కదా. ఎవరూ అడక్కుండానే ప్రతి సూటుకీ చంకల కింద నాలుగేసి చిల్లులు పెట్టి, చుట్టూ కాజాకుట్టు కుట్టాను, పోగులు లేవకుండా. గాలి ఆడాలని. స్టోరుకీపరు చూసి మెచ్చుకున్నాడు. "పనితనం అంటే ఇదీ" అన్నాడు. వాడికి తెలుసు. ఆ గుడ్డ దేన్నీ ఆపదని, దానికి చిల్లున్నా లేకపోయినా ఒకటేనని వాడికి తెలుసు. తెలిసి మెచ్చుకున్నాడు.

కత్తెర విసిరాను. అద్దం పగిలింది. పిల్ల చీపురు తెచ్చింది.

చిల్లులు మళ్ళీ పెట్టమంటావా అంటే, పెట్టమంది. "అలాగే ఉండాలి పెదనాన్నా. ఉన్నదున్నట్టు."

మార్చి 12

ఒంటె దొరికాడు! ఊరి చివర సైకిళ్ళు బాగుచేసుకుంటున్నాడు. మనిషి సగమయ్యాడు గానీ మెడ మాత్రం అదే మెడ. దుకాణంలోకి వస్తూనే నన్ను తేరిపార చూశాడు.

"మాస్టారూ, ఒంటె అని రాశావట నా గురించి?"

"తప్పయిపోయింది."

"నా పెళ్ళాం ముందు చదివింది మీ పిల్ల. అదిప్పుడు నన్ను అలాగే పిలుస్తోంది. ఇరవయ్యేళ్ళ తరవాత కూడా నా కొంప ముంచావు కదయ్యా!"

ఇద్దరం నవ్వాం. నవ్వి నవ్వి వాడికి దగ్గొచ్చింది. ఆ దగ్గు చాలాసేపు ఆగలేదు. మంచినీళ్ళిచ్చాను.

వాడూ మరదలూ కూర్చుని ఒక్కో పేజీ తిప్పుతూ గుర్తుపట్టారు. గుమ్మడికాయ పోయాడు, గొంతులో గడ్డ. మాటలపెట్టె పోయాడు. నిద్రగన్నేరు కళ్ళు పోయి చెల్లెలి ఇంట్లో ఉన్నాడు. అలా ఒక్కొక్కరికీ అసలు పేరు దొరుకుతుంటే మరదలు వేరే కాగితం మీద రాసుకుంది.

ముగ్గురి దగ్గర ఆగిపోయింది. 'తొందర' ఎవరో ఎవరికీ తెలియలేదు. ఎక్కణ్ణుంచో పనికొచ్చి, పని అయ్యాక వెళ్ళిపోయాడట. వాడికి తల్లి ఉండే ఉంటుంది. ఆవిడ ఒక పేరు పెట్టుకునే ఉంటుంది. ఇప్పుడు లోకంలో వాడికి మిగిలింది నేను వెటకారంగా పెట్టిన పేరు.

పేరు రాయడానికి ఎంతసేపు పడుతుంది? పేరేంటి నాయనా అని అడగడానికి?

ప్లాంటు వాళ్ళు వాళ్ళని లెక్కలో రాయలేదని ఇరవయ్యేళ్ళుగా తిడుతున్నాను. నేనేం రాశాను?

మార్చి 15

మహదానందం. ఇస్త్రీబాబు ప్యాంటు నా చేతికొచ్చింది, నడుము వదులు చేయమని. చేశాను. రెండు జేబులూ లోపల్నుంచి మూసి, సన్నటి కుట్టుతో కుట్టేశాను. విచారణలో కళ్ళజోడు కోసం చెయ్యి పెడతాడు. పెడుతూనే ఉంటాడు.

మార్చి 16

పదహారు సూట్లు అయ్యాయి. నడుము పట్టేసింది.

మార్చి 19

మరదలు కాజాలు కుడుతోంది. పిల్ల తాళ్ళు కొనడానికి వెళ్ళింది. కుడుతూ కుడుతూ ఆవిడ పుస్తకం చేతిలోకి తీసుకుని చివరి పేజీ చూసింది. చాలాసేపు చూసింది.

"బావగారూ, ఈ పేజీ ఎప్పుడు రాశారు?"

"అప్పుడే. అన్నీ అప్పుడేగా."

"మిగతా నలభై మందికీ వెక్కిరింత పేర్లు పెట్టారు. ఈయనకి ఇంటిపేరుతో సహా రాశారు."

"నా తమ్ముడు కదమ్మా."

"నడుము ముప్పై రెండని రాశారు."

"ముప్పై రెండే. వాడి కొలతలు నాకు నిద్రలో లేపి అడిగినా..."

"ఆ నెల ఆయన కామెర్లొచ్చి లేచారు బావగారూ. ముప్పై కూడా లేదు. బెల్టుకి కొత్త చిల్లు పొడిచింది నేనే."

మిషను తొక్కడం ఆపేశాను. ఆవిడ గొంతు పెంచలేదు. అదే నాకు ఒళ్ళు మండించింది.

"అయితే ఏమంటావు? వాడు దిగలేదంటావా?"

"దిగారు. నాకంటే ఎవరికి తెలుసు? కానీ ఈ పేజీ మీరు మొన్న రాశారు."

"రాశాను! ఇంట్లోవాళ్ళ కొలతలు ఏ టైలరైనా రాసుకుంటాడా? అమ్మవి రాశానా, నీవి రాశానా? చేతికి తెలిసినవి పుస్తకంలో ఎందుకు? ఊళ్ళోవాళ్ళందరూ ఉన్నారు, నా తమ్ముడు లేడు. నా పుస్తకంలోనే లేడు. మరి రాయొద్దా?"

"వాళ్ళ లాయరు ఈ ఒక్క పేజీ పట్టుకుంటే చాలు. పుస్తకమంతా దొంగదంటాడు. నలభై మందీ పోతారు."

"పోనీ!"

ఆ మాట అన్నాను. ఆవిడ సూది దారం పక్కన పెట్టింది. "నలభై మంది ఇళ్ళకీ నేనే వెళ్ళి చెప్పొచ్చాను బావగారూ, పుస్తకం దొరికిందని" అంది. అని మళ్ళీ సూది తీసి కాజా పూర్తి చేసింది. దారం కొరికి, లేచి వెళ్ళిపోయింది.

మార్చి 20

మరదలితో మాటల్లేవు.

మార్చి 21

లేవు. ఆవిడకేం, పోరాటాల మనిషి. నాకు ఒక్కడే తమ్ముడు.

ఆవిడకీ ఒక్కడే మొగుడనుకో.

మార్చి 22

గుడ్డ కత్తెరతో కాగితం కోస్తే పదును పోతుంది. పిల్ల చిన్నప్పుడు ఒకసారి కోస్తే వీపు విమానం మోత మోగించాను. ఈ రోజు ఆ కత్తెరతోనే చివరి పేజీ కోశాను, కుట్టు పక్కనుంచి, శుభ్రంగా. మరదలి ఇంటికి తీసుకెళ్ళి చేతిలో పెట్టాను.

"కూర్చోండి" అంది.

కూర్చున్నాను. ఆవిడా కూర్చుంది. నేను చెప్పకుండానే కూర్చుంది, ఇన్నేళ్ళలో మొదటిసారి.

"సూటు మాత్రం కుట్టండి" అంది. "ముప్పైకి."

మార్చి 26

విచారణ! చరిత్రలో నిలిచిపోయే రోజు!

హాలు కిటకిట. పైనుంచి నలభై ఒక్క తెల్ల సూట్లు. ఫ్యాను గాలికి అన్నీ ఒకేసారి ఇటు తిరిగి అటు తిరిగాయి. జనం మాటలు మానేసి వాటి మధ్యలోంచి నడిచారు. ఇస్త్రీబాబు మొహానికి ఒక సూటు చెయ్యి తగిలింది, పక్కకి నెట్టాడు, అది ఊగి మళ్ళీ వచ్చి తగిలింది.

విచారణ అధికారి ముందు పుస్తకం పెట్టాను. ఇస్త్రీబాబు లేచాడు. "ఇది సాక్ష్యమా సార్? ఒంటె, గుమ్మడికాయ! ఇది కొలతల పుస్తకమా, జోకుల పుస్తకమా?" కొందరు నవ్వారు.

నా మెడలో టేపు ఉంది. ఒంటెని ముందుకు పిలిచాను. "సార్, నడుము మారుతుంది, ఛాతీ మారుతుంది. చెయ్యి పొడవు మారదు. వీడికి చిన్నప్పుడు కుడిచెయ్యి విరిగి సరిగా అతుక్కోలేదు. మీరు పేజీ చూడండి, నేను కొలుస్తాను." కొలిచాను. ఎడమ ఇరవై అయిదున్నర. కుడి ఇరవై అయిదుకి పావు తక్కువ. అధికారి పేజీ చూశాడు, ఒంటెని చూశాడు, కళ్ళజోడు తీసి మళ్ళీ పేజీ చూశాడు. అదే అంకె.

హాలంతా చప్పట్లు! అయిదు నిమిషాలు ఆగలేదు. ఇస్త్రీబాబు కాగితం కోసం జేబులో చెయ్యి పెట్టబోయాడు, దూరలేదు. నేను వెళ్ళి ఆయన చెంప ఛెళ్ళుమనిపించాను. "నా తమ్ముడిదిరా ఇది" అని హాలు దద్దరిల్లేలా అరిచాను. నలభై ఒక్కరూ రికార్డులోకి ఎక్కారు.

మార్చి 27

నిన్న రాసింది చదివాను. ఈ డైరీ చదివేది నేనొక్కణ్ణే. నాకే నేను టోకరా వేసుకుంటే ఎలా? ఏవి కల్పించానో చెప్పేస్తాను.

ఒంటె చేతులు కొలిచింది నిజం. అంకెలు కలిసింది నిజం. చప్పట్లు లేవు. ఎవరో వెనక ఒకావిడ ఏడ్చింది, అంతే.

చెంపదెబ్బ అబద్ధం. జేబులు కుట్టడమూ అబద్ధమే. ఇస్త్రీబాబు ప్యాంటు నా దగ్గరికి ఎప్పుడూ రాలేదు. ఆయన బట్టలు నాలాంటివాడి దగ్గర కుట్టించడు.

రికార్డులోకి ఎక్కింది నలభై మంది. నలభై మంది కాంట్రాక్టు కూలీలకు సూట్లు కుట్టినట్టు టైలరు పుస్తకం చూపుతోంది, పరిశీలించాలి అని అధికారి రాయించాడు. ఇరవయ్యేళ్ళలో వాళ్ళ గురించి ప్రభుత్వం రాసిన మొదటి వాక్యం. పేర్లు తెలియని ముగ్గురూ కూడా ఉన్నారు.

ఇస్త్రీబాబు మెల్లగా లేచి, "పేజీలు నలభై, సూట్లు నలభై ఒకటి. ఆ ఒకటి ఎవరిది?" అన్నాడు. నేను అరవలేదు. "మా తమ్ముడిదండీ. పుస్తకంలో లేడు. ఇంట్లోవాళ్ళవి రాసుకోం" అన్నాను. అధికారి మంచివాడిలాగే ఉన్నాడు. "అయితే లెక్కలో రాదు" అన్నాడు. పిల్ల లేవబోయింది. మరదలు దాని చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

చివరి పేజీ నేను రాసిందే. ఈ నెల ఆరున. పాత సిరా కోసం మూడు దుకాణాలు తిరిగాను, కాగితానికి టీ డికాక్షన్ రాసి ఎండబెట్టాను.

ఇంకొకటుంది. వద్దురా, వెళ్ళొద్దు అని తమ్ముడికి గట్టిగా చెప్పానని అయిదో తారీకున రాశాను. ఇరవయ్యేళ్ళుగా అందరికీ అదే చెబుతున్నాను. మరదలికి కూడా.

చెప్పలేదు. వాడు దుకాణంలోనే సూటు తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డాడు. నడుము దగ్గర గుడ్డ పిడికిట్లో పట్టుకుని చూపించాడు. "వదులుగా ఉంది అన్నయ్యా" అన్నాడు. బయట ప్లాంటు వ్యాను హారను కొడుతోంది. సరిచేయడానికి పది నిమిషాలు చాలు. ఇంకా ఆరు సూట్లు కుట్టాల్సినవి ఉన్నాయి, నాకు చిరాగ్గా ఉంది.

"వదులుగా ఉంటేనే హాయిరా, వెళ్ళు" అన్నాను.